ఆరు రోజుల గ్రాఫ్, రెండు లక్షల అప్పు: బిజినెస్ లెక్కల వెనక చరిత్ర

చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు, "అన్నా, బిజినెస్ అనలిటిక్స్ నేర్చుకోవాలనుకుంటున్నా, ముందు ఏ టూల్ నేర్చుకోవాలి?" అని. టూల్ సంగతి చివర్లో చెప్తా. ముందు నేను ఒక గ్రాఫ్ గీసి మా బాబాయిని అప్పులపాలు చేసిన కథ చెప్తాను. అక్కణ్ణుంచి, ఆ గ్రాఫ్‌నీ ఆ లెక్కల్నీ అసలు ఎవరు కనిపెట్టారు, వాళ్లకి ఏం అవసరం వచ్చి కనిపెట్టారు అన్న చరిత్రలోకి వెళ్దాం. ఈ చరిత్రలో రాజులు ఉండరు, యుద్ధాలు ఉండవు. ఒక బీరు ఫ్యాక్టరీ ఉంటుంది, ఒక టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఉంటుంది, మన తెలుగాయన ఒకరు ఉంటారు.

మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండ్ ఎదురుగా మా బాబాయికి చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. పొద్దున ఇడ్లీ, వడ, పూరి. సాయంత్రం దోసెలు. నేను బీకామ్ అయ్యాక హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో రూమ్ తీసుకుని మూడు నెలల డేటా కోర్సు చేశా. కోర్సు అయిపోయిన వారానికి ఊరెళ్లా. చేతిలో కొత్త ల్యాప్‌టాప్, బుర్రలో కొత్త పొగరు.

అప్పుడే బాబాయి సాయంత్రం పూట మిర్చి బజ్జీ, పునుగులు కూడా మొదలుపెట్టాడు. "ఏరా, పక్క షట్టర్ ఖాళీ అవుతోంది. అద్దెకు తీసుకుని బజ్జీల సెక్షన్ పెద్దగా పెడదామా? నీ చదువు ఏమంటోంది?" అని అడిగాడు. నా జీవితంలో నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి.

బాబాయి నోట్‌బుక్ తీసుకున్నా. బజ్జీలు పెట్టకముందు ఆరు రోజుల సాయంత్రం గల్లా ఇదీ: 3,600, 4,900, 3,800, 4,100, 5,200, 3,600. సగటు 4,200 రూపాయలు. బజ్జీలు పెట్టిన తర్వాత ఆరు రోజులు: 4,300, 3,700, 5,400, 5,100, 3,900, 5,200. సగటు 4,600.

రెండు సగటులూ పెట్టి బార్ చార్ట్ కొట్టా. స్ప్రెడ్‌షీట్ దానంతట అదే కింద గీతని సున్నా దగ్గర కాకుండా 4,000 దగ్గర మొదలుపెట్టింది. అంటే మొదటి బార్ ఎత్తు 200, రెండో బార్ ఎత్తు 600. చూడటానికి వ్యాపారం మూడింతలైనట్టు ఉంది! నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే, గమనించినా మార్చేవాణ్ణి కాదేమో. అంత అందంగా ఉంది. ఆకుపచ్చ రంగు కూడా వేశా.

బాబాయి ఆ బొమ్మ చూశాడు. పిన్ని గొలుసు తాకట్టు పెట్టాడు, మిగతాది వడ్డీకి తెచ్చాడు. మొత్తం రెండు లక్షలు. షట్టర్ అడ్వాన్స్, పెద్ద కడాయి, ఇంకో మాస్టర్, స్టీల్ కౌంటర్. మూడు నెలలకి మూసేశాడు. సాయంత్రం గల్లా మళ్లీ పాత చోటికే వచ్చేసింది, అద్దె మాత్రం రాలేదు.

ఆ ఆరు రోజులూ ఏమిటో తర్వాత తెలిసింది. శ్రావణమాసం. పెళ్లిళ్ల ముహూర్తాలు. బట్టలకీ బంగారానికీ వచ్చిన జనం బస్టాండ్‌లో దిగి బజ్జీలు తిన్నారు. క్యాలెండర్ చూస్తే మా పిన్నికి తెలిసే విషయం, నా ల్యాప్‌టాప్‌కి తెలియలేదు.

బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, "బొమ్మ బాగానే గీశావు నాన్నా, నేనే తొందరపడ్డా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట పట్టుకుని నేను కోర్సులో చెప్పని విషయాలు చదవడం మొదలుపెట్టా. చదువుతుంటే తెలిసింది ఏమిటంటే, నేను చేసిన ప్రతి తప్పూ ఎప్పుడో ఎవరో ఒకరు ముందే ఊహించారు. దానికి మందు కూడా రాసిపెట్టారు.

సరే, కథలోకి వెళ్దాం. మొదటి మనిషి విలియం ప్లేఫేర్.

1759లో స్కాట్లాండ్‌లో, డండీ ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టర్. చిన్నతనంలోనే తండ్రి పోతే అన్న జాన్ పెంచాడు. ఈ జాన్ తర్వాత పెద్ద లెక్కల ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన తమ్ముడితో ఒక పని చేయించేవాడు. రోజూ థర్మామీటర్ చూసి, ఎంత వేడి ఉందో గీతల్లో గుర్తుపెట్టమనేవాడు. అంకెలతో చెప్పగలిగింది ఏదైనా గీతలతో చూపించవచ్చని తనకి నేర్పింది అన్నే అని ప్లేఫేర్ చెప్పుకున్నాడు. తర్వాత ఆవిరి ఇంజన్ జేమ్స్ వాట్ దగ్గర బర్మింగ్‌హామ్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. అంటే గీతలు గీయడమే ఉద్యోగం.

1786లో ఒక పుస్తకం వేశాడు, 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్'. పేరులో అట్లాస్ ఉంది కానీ లోపల ఒక్క మ్యాప్ కూడా లేదు. ఇంగ్లాండ్ ఏ దేశానికి ఎంత సరుకు అమ్మింది, ఎంత కొన్నది అనేది ఏళ్లవారీగా గీతల్లో చూపించాడు. డెన్మార్క్, నార్వేలతో 1700 నుంచి 1780 దాకా జరిగిన వ్యాపారం మీద ఆయన వేసిన చార్ట్ ఇప్పటికీ ప్రతి డేటా పుస్తకంలో కనిపిస్తుంది. రెండు గీతలు, ఒకటి ఎగుమతి, ఒకటి దిగుమతి. అవి ఒకదాన్నొకటి దాటిన చోట నష్టం లాభంగా మారింది. ఈరోజు మీ ఫోన్‌లో షేర్ల యాప్ తెరిస్తే కనిపించే గీత ఉంది చూశారా, దానికి ముత్తాత ఇదే.

మరి బార్ చార్ట్ ఎలా పుట్టింది? ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క. స్కాట్లాండ్ వ్యాపారం గురించి కూడా గీత గీద్దామనుకున్నాడు. కానీ ఏళ్లతరబడి లెక్కలు దొరకలేదు. ఒక్క ఏడాదివే, 1781 వరకు ఉన్నవే దొరికాయి. ఒక్క ఏడాదితో గీత ఎలా వస్తుంది? అందుకని దేశాలవారీగా పట్టీలు గీసి సర్దుకున్నాడు. ఆ పుస్తకంలో 44 చార్టులుంటే బార్ చార్ట్ ఆ ఒక్కటే. పైగా, ఇది మిగతావాటి అంత ఉపయోగపడదని ఆయనే రాసుకున్నాడు. డేటా చాలక పుట్టిన బొమ్మ అన్నమాట. ఇప్పుడు ప్రపంచంలో ఆఫీసులన్నీ దాని మీదే నడుస్తున్నాయి!

ఇంకో సంగతి వినండి. ఈ గీతలు జనానికి ఎలా అర్థం చేయించాలా అని ఆలోచించి ఆయన ఒక పోలిక చెప్పాడు. ఒక వ్యాపారికి రోజూ వచ్చే డబ్బంతా గినీలే అనుకోండి. గినీ అంటే అప్పటి బంగారు నాణెం. రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఆ రోజు నాణేలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాడనుకోండి. రోజుకో దొంతర. దొంతరలన్నీ వరసగా నిలబెడితే ఏ రోజు ఎంత వచ్చిందో ఎత్తే చెప్పేస్తుంది. ఇదే నా చార్ట్ అన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు గుండె జారింది ఫ్రెండ్స్. ఎందుకంటే ఇది అచ్చంగా మా బాబాయి గల్లా. నేను చేసిందేమిటి? రెండు దొంతర్లలోంచీ కింద 4,000 రూపాయలు తీసేసి, పైన మిగిలిన ముక్కలు చూపించి "చూశావా బాబాయ్, మూడింతలు" అన్నా. బార్ అంటే పొడవుతో విలువ చెప్పే బొమ్మ. పొడవు కోసేస్తే విలువ అబద్ధం అవుతుంది. లైన్ చార్ట్‌లో అయితే మనం చూసేది ఎక్కడం దిగడం కాబట్టి కింద సున్నా లేకపోయినా కొన్నిసార్లు నడుస్తుంది. బార్ చార్ట్‌కి మాత్రం సున్నా ఉండి తీరాలి. ఈ రూల్ నేను కోర్సులో బట్టీ పట్టలేదు. నాణేల దొంతర చూశాక మర్చిపోలేను.

ఇంకొకటి. పుస్తకం వేసేముందు ప్లేఫేర్ తన పాత యజమాని జేమ్స్ వాట్‌ని సలహా అడిగాడు. చార్టులతో పాటు అసలు అంకెల పట్టికలు కూడా ఇవ్వవయ్యా, లేకపోతే నీ గీతల్ని నీ మాట మీదే నమ్మాల్సి వస్తుంది కదా అన్నది వాట్ అభిప్రాయం. 240 ఏళ్ల నాటి సలహా. నేను ఆ రోజు బాబాయికి రెండు బార్‌లతో పాటు పన్నెండు అంకెలూ పక్కన పెట్టి చూపించి ఉంటే? బాబాయి ముప్పై ఏళ్లుగా గల్లా లెక్కపెడుతున్న మనిషి. "ఒరే, బజ్జీలు లేనప్పుడు కూడా ఒకరోజు 5,200 వచ్చింది కదరా, ఉన్నప్పుడు కూడా 3,700 పడింది కదరా" అని తనే పట్టేసేవాడు.

పై చార్ట్ కూడా ప్లేఫేర్‌దే. 1801లో 'స్టాటిస్టికల్ బ్రీవియరీ' అనే పుస్తకంలో టర్కీ సామ్రాజ్యం భూములు ఆసియాలో ఎంత, యూరప్‌లో ఎంత, ఆఫ్రికాలో ఎంత అని ఒక వృత్తాన్ని ముక్కలు చేసి చూపించాడు. ఆ పుస్తకంలో హిందుస్థాన్ రాజ్యాల గురించి కూడా ఒక భాగం ఉంది. అంటే మన దేశం అప్పుడే ఇంకొకరి చార్ట్‌లోకి ఎక్కేసింది. ఇంత చేసిన మనిషి సొంత వ్యాపారాల్లో మాత్రం ఎదగలేదు. అప్పులతోనే సతమతమై 1823లో పోయాడు. గ్రాఫ్ కనిపెట్టినంత మాత్రాన గల్లా నిండదు.

ఇప్పటిదాకా చెప్పింది బొమ్మ సంగతి. బొమ్మ సరిగ్గా గీసినా నా రెండో తప్పు అలాగే ఉంటుంది. ఆరు రోజులు చాలవు. మరి ఎన్ని రోజులు చాలు? ఈ ప్రశ్న అడిగినవాడు ఒక బీరు ఫ్యాక్టరీ ఉద్యోగి.

డబ్లిన్, ఐర్లాండ్. గిన్నిస్ కంపెనీ. అప్పట్లో ప్రపంచంలోనే చాలా పెద్ద బీరు ఫ్యాక్టరీల్లో అదొకటి. 1899లో అక్కడ విలియం గాసెట్ అనే కుర్రాడు చేరాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ, లెక్కలు చదివాడు. కంపెనీ సమస్య చూడండి. బార్లీ రకాల్లో ఏది మంచిది? ఏ మాల్ట్ నుంచి ఎంత సారం వస్తుంది? ఒక్కో పరీక్షకి డబ్బూ టైమూ ఖర్చు. బార్లీ అయితే ఏడాదికి ఒకే పంట. అంటే చేతిలో నాలుగు అంకెలో ఆరు అంకెలో ఉంటాయి, అంతే. వాటితోనే వేల బస్తాల కొనుగోలు నిర్ణయం తీసుకోవాలి.

అప్పటి స్టాటిస్టిక్స్ పుస్తకాలు వందల కొద్దీ కొలతలు ఉన్నప్పుడు ఏం చేయాలో చెప్పేవి. నాలుగు ఉంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. గాసెట్ 1906లో లండన్ వెళ్లి కార్ల్ పియర్సన్ అనే పెద్ద ప్రొఫెసర్ ల్యాబ్‌లో చదువుకున్నాడు. పియర్సన్‌కి చిన్న శాంపిల్ ఒక సమస్యే కాదు, ఆయన దగ్గర ఎప్పుడూ పెద్ద లెక్కలే. గాసెట్‌కి అదే బతుకు.

అప్పుడు ఏం చేశాడంటే, 3,000 మంది ఖైదీల ఎత్తు, మధ్యవేలి పొడవు కొలిచిన లెక్కలు దొరికాయి. ఒక్కొక్కటీ ఒక అట్టముక్క మీద రాసి, పేకముక్కల్లా బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీశాడు. 750 గుంపులు. ప్రతి గుంపు సగటూ లెక్కేసి, మొత్తం 3,000 మంది సగటుకి ఎంత దూరంలో పడుతోందో చూశాడు. కంప్యూటర్ లేని రోజుల్లో చేత్తో చేసిన సిమ్యులేషన్ ఇది! తన ఫార్ములా చెప్పినట్టే వచ్చిందా లేదా అని ఇలా సరిచూసుకున్నాడు.

1908లో ఆ పేపర్ అచ్చయింది. రచయిత పేరు మాత్రం 'స్టూడెంట్' అని ఉంది. వ్యాపార రహస్యాలు బయటికి పోతాయని గిన్నిస్ వాళ్లు ఉద్యోగుల్ని సొంత పేరుతో రాయనిచ్చేవాళ్లు కాదు. అందుకే ఇప్పటికీ మనం పరీక్షల్లో 'స్టూడెంట్స్ టీ-టెస్ట్' అని రాస్తాం. టీ అంటే చాయ్ కాదు, స్టూడెంట్ అంటే మీరూ కాదు. ఒక బీరు కంపెనీ ఉద్యోగి దాచుకున్న పేరు.

టీ-టెస్ట్ అడిగేది చాలా మామూలు ప్రశ్న. నీకు కనిపించిన తేడా, రోజూ మామూలుగా ఉండే ఊగిసలాట కంటే ఎంత పెద్దది? బాబాయి లెక్కే వేద్దాం. తేడా 400 రూపాయలు. రోజువారీ ఊగిసలాట చూస్తే, ఆరేసి రోజులతో వచ్చే ఆ తేడాలో మామూలుగా ఉండే పొరపాటు సుమారు 410 రూపాయలు. 400ని 410తో భాగిస్తే? ఒకటి కంటే తక్కువే. ఆరు, ఆరు రోజుల లెక్కకి అది 2.23 దాటితేనే "ఇక్కడేదో ఉంది" అని కాస్త ధైర్యంగా అనుకోవచ్చు. ఇంకోలా చెప్పాలంటే, బజ్జీల వల్ల రోజుకి 1,300 దాకా పెరిగి ఉండొచ్చు, లేదా 500 దాకా తగ్గి కూడా ఉండొచ్చు. ఆ పన్నెండు అంకెలు చెప్పగలిగింది అంతే. ఆ మాట మీద ఎవరైనా గొలుసు తాకట్టు పెడతారా?

పెళ్లిళ్ల సీజన్ సంగతి? దానికి కూడా గాసెట్ దగ్గర జవాబుంది. రెండు రకాల బార్లీని పోల్చాలంటే ఒకటి ఈ పొలంలో, ఒకటి ఆ ఊళ్లో వేసి పోల్చకూడదు. పక్కపక్క మళ్లలో, జంటలుగా వేయాలి. అప్పుడు నేల, వాన, ఎండ రెండింటికీ ఒకటే. మన లెక్కలో అయితే ఒకరోజు బజ్జీలు, ఒకరోజు మామూలు దోసెలు, ఇలా మార్చి మార్చి పెట్టి చూడాలి. ముహూర్తాలు రెండువైపులా సమానంగా పడతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. నాకు తట్టలేదు, అంతే.

ఇక మూడో మనిషి. అమెరికా, చికాగో పక్కన హాథార్న్ అనే చోట వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ. బెల్ టెలిఫోన్లకి సామాను అక్కడే తయారయ్యేది. ఆ కంపెనీలోని వాల్టర్ షూహార్ట్ అనే ఫిజిక్స్ ఆయన 1924 మే 16న తన బాస్‌కి ఒక చిన్న నోట్ రాశాడు. మొత్తం ఒక పేజీ. అందులో కూడా మూడో వంతు ఒక బొమ్మే. ఆ బొమ్మనే ఇప్పుడు కంట్రోల్ చార్ట్ అంటున్నాం. మధ్యలో సగటు గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. రోజూ వచ్చే కొలతలు చుక్కలుగా పెట్టుకుంటూ పోతారు.

ఆయన పట్టుకున్న రహస్యం ఏమిటంటే, ప్రతి పనిలోనూ రెండు రకాల తేడాలుంటాయి. ఒకటి ఎప్పుడూ ఉండే చిన్నాచితకా ఊగిసలాట. దానికి ఒక్క కారణం అంటూ ఉండదు. రెండోది నిజంగా ఏదో జరిగితే వచ్చే తేడా, మిషన్ పాడవడమో ముడిసరుకు మారడమో. హద్దుల లోపల చుక్క ఊగుతుంటే దాని జోలికి పోవద్దు. హద్దు దాటితే అప్పుడు వెళ్లి కారణం వెతుకు. మొదటి రకాన్ని రెండో రకం అనుకుని ప్రతిసారీ మిషన్ తిప్పితే సరుకు ఇంకా పాడవుతుంది.

ఇది కూడా టిఫిన్ సెంటర్ కథే. గల్లా 3,600 పడిన రోజు బాబాయి మాస్టర్ మీద అరిచేవాడు, చట్నీలో ఉప్పెక్కువైందని. మర్నాడు 4,900 వస్తే, "చూశావా, అరిస్తేనే దారికొస్తారు" అనేవాడు. పాపం ఆ మాస్టర్ ఏమీ మార్చలేదు! తక్కువ పడిన రోజు తర్వాత గల్లా మళ్లీ సగటు దగ్గరికి రావడం మామూలే. అనవసరంగా అరుపులు తిన్నాడు. ఇప్పుడు ఆఫీసుల్లో వారం వారం రిపోర్టు చూసి సేల్స్ కుర్రాళ్లని నిలదీసే మేనేజర్లు చేసేదీ ఇదే.

ఈ షూహార్ట్ మన దేశం వచ్చాడు, 1947-48లో. పిలిచింది ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఆయన. ఆయన పుట్టినరోజు జూన్ 29నే మనం స్టాటిస్టిక్స్ డే చేసుకుంటాం. బెంగాల్‌లో జనపనార పంట ఎంత వేశారు, ఎంత వస్తుంది అనేది రైతుకీ మిల్లుకీ వ్యాపారికీ అందరికీ కావాల్సిన లెక్క. ప్రతి పొలం తిరిగి రాయాలంటే తరం కాదు. 1937 నుంచి ఆయన టీమ్ కొన్ని చోట్లని లాటరీలా ఎంచుకుని అక్కడే జాగ్రత్తగా కొలిచి మొత్తం అంచనా వేసే పద్ధతి తయారుచేసింది. మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందో లేదో చూడటం మన ఇళ్లలో ఉన్నదే. కాకపోతే గిన్నె బాగా కలిపాక మెతుకు తీయాలి. ఆ కలపడంలోనే ఉంది శాస్త్రం అంతా.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో 1941 జనవరిలో ఒక తెలుగు కుర్రాడు చేరాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. మనందరికీ సి.ఆర్. రావు గారు. 1920లో హడగళిలో పుట్టారు, అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ ఉండగా ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి చేరారు. ఇంటర్వ్యూ పోయి బాధపడుతున్నవాళ్లు ఎవరైనా వింటున్నారా? ఆ రోజు ఆయనకి ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఇవాళ ఈ కథ ఇక్కడ ఆగిపోయేది.

కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెప్తున్నప్పుడు ఒక విద్యార్థి లేచి అడిగాడట, "సార్, పెద్ద శాంపిల్‌కి ఫిషర్ చెప్పిన ఈ ఫలితం చిన్న శాంపిల్‌కి కూడా ఉందా?" అని. రావు గారే తర్వాత చెప్పుకున్నారు ఈ సంగతి. ఆ ప్రశ్న అడిగింది తర్వాత పెద్ద ఎకనమిస్ట్ అయిన వి.ఎం. దండేకర్. రావు గారు ఇంటికెళ్లి ఆ రాత్రే కూర్చుని రుజువు చేశారు. 1945లో పేపర్ వచ్చింది. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదేమో! స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ అనే ఆయన కూడా విడిగా అదే కనిపెట్టారు కాబట్టి ప్రపంచం దాన్ని 'క్రామర్-రావు' హద్దు అంటుంది.

అది ఏం చెప్తుందో చెరకు రసం బండి గుర్తుపెట్టుకుంటే చాలు. ఆరు గడలు పెట్టి తిప్పితే ఆరు గడల రసమే వస్తుంది. గానుగ ఎంత కొత్తదైనా, మళ్లీ మళ్లీ మడిచి పెట్టినా, ఒక హద్దు దాటి రాదు. డేటా కూడా అంతే. పక్షపాతం లేని పద్ధతి ఏది వాడినా, ఉన్న డేటాతో ఇంతకంటే కచ్చితంగా అంచనా వేయలేవు అని ఒక గీత గీశారు రావు గారు. మామూలు సగటు విషయంలో చూస్తే, పొరపాటు సగం కావాలంటే డేటా నాలుగింతలు కావాలి. ఆరు రోజులకి బదులు 24 రోజులు. ఏ టూల్ కొన్నా, ఏ ఏఐని అడిగినా ఈ లెక్క మారదు.

2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పోయారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరు మీద ఒక సంస్థ ఉంది. నేను అమీర్‌పేటలో మూడు నెలలున్నా. అక్కడికి బస్సులో వెళ్లొచ్చు. నాకు ఆయన పేరు కూడా తెలియదు. అదీ నా చదువు.

ఇప్పుడు మొత్తం ఒకచోట పెట్టి చూడండి. పుస్తకం అమ్ముకోవాల్సిన ప్లేఫేర్, బార్లీ కొనాల్సిన గాసెట్, ఫోన్ల సరుకు పంపాల్సిన షూహార్ట్, జనపనార అంచనా చెప్పాల్సిన మహలనోబిస్. ఎవరి దగ్గరా సరిపడా డేటా లేదు. కానీ నిర్ణయం తీసుకోక తప్పదు. అందుకే వీళ్లంతా తమకి ఎంత తెలుసో, ఎంత తెలియదో రెండూ కొలిచి చెప్పే దారి వెతికారు. స్టాటిస్టిక్స్ అంటే ఆ రెండో సగమే. నేను బాబాయికి మొదటి సగమే చెప్పా. "400 పెరిగింది" అన్నా. "అది నిజమో కాదో చెప్పడానికి ఈ ఆరు రోజులు చాలవు బాబాయ్, ఇంకో నెల ఆగుదాం" అని ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఒక్క ముక్క ఖరీదు మా ఇంట్లో రెండు లక్షలు.

మరి ఇప్పుడు ఏం చేస్తున్నామో చెప్తా. బాబాయి టిఫిన్ సెంటర్ గోడకి పెద్ద క్యాలెండర్ ఉంటుంది. అయిపోయిన నెల కాగితం వెనక్కి తిప్పి స్కేలు పెట్టి గీశా. పాతిక రోజుల గల్లా తీసుకుంటే సగటు 4,300, రోజువారీ ఊగిసలాట 700. షూహార్ట్ పద్ధతిలో దానికి మూడింతలు పైకి, మూడింతలు కిందికి. అంటే 6,400 దగ్గర ఒక గీత, 2,200 దగ్గర ఒక గీత. రోజూ రాత్రి గల్లా లెక్కపెట్టి బాబాయి స్కెచ్ పెన్నుతో చుక్క పెడతాడు. లోపల ఉంటే ఎవరి మీదా అరవడం లేదు. ఒకరోజు చుక్క 1,900కి పడింది. వెళ్లి చూస్తే సాయంత్రమంతా బస్టాండ్ వైపు రోడ్డు తవ్వి ఉంది. కారణం నిజంగా ఉంది! ఆ చుక్క పక్కన "రోడ్డు" అని పిన్ని రాసింది. ముహూర్తాల రోజులకి పిన్ని ముందే పసుపు రంగు చుక్క పెడుతుంది. మా ఇంట్లో అసలైన డేటా అనలిస్ట్ ఆవిడే.

గొలుసు పోయిన సంక్రాంతికి విడిపించాం. నా జీతంలోంచి కొంత, బాబాయి కొంత.

ఇక మీ ప్రశ్న, ఏ టూల్ ముందు నేర్చుకోవాలి అని. ఏదైనా పర్లేదు. స్ప్రెడ్‌షీట్ వస్తే చాలు, అది కూడా రాకపోతే క్యాలెండర్ కాగితం చాలు. గ్రాఫ్ ఎవరికైనా చూపించే ముందు మాత్రం నాలుగు విషయాలు చూసుకోండి. బార్ సున్నా నుంచి మొదలైందా? అసలు అంకెలు పక్కన ఉన్నాయా? కనిపించే తేడా రోజువారీ ఊగిసలాట కంటే పెద్దదా? ఆ రోజుల్లో పెళ్లిళ్లో పండగో ఇంకేదైనా ఉందా? చివరి ప్రశ్నకి జవాబు ల్యాప్‌టాప్‌లో ఉండదు, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మీ ఇంట్లో కిరాణా కొట్టో, మెడికల్ షాపో, పాల కేంద్రమో ఉంటే ఇవాళే మొదలుపెట్టండి. పాతిక రోజులు అంకెలు రాయండి. ఈలోపు ఎవరికీ ఏ సలహా ఇవ్వకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.